క్రాటమ్: ఆకుకొక న్యాయం, మాత్రకొక న్యాయం ఎందుకు?

అట్లాంటా నుంచి ఐ-20 రహదారి మీద పడమటికి రెండున్నర గంటలు కారు నడిపితే బర్మింగ్‌హామ్ వస్తుంది. 21 ఏళ్లు నిండినవాళ్లు అట్లాంటాలో గుర్తింపు కార్డు చూపించి దర్జాగా కొనుక్కునే ఒక ఆకుపచ్చ పొడి పొట్లం, అదే కారులో అలబామా సరిహద్దు దాటిన క్షణం నుంచి హెరాయిన్ ఉన్న జాబితాలో చేరిపోతుంది. పొడి మారలేదు, కొన్న మనిషీ మారలేదు. మారింది రాష్ట్రం ఒక్కటే.

ఆ పొడి పేరు క్రాటమ్. నొప్పి మాత్రలకో హెరాయిన్‌కో అలవాటు పడి, అందులోంచి బయటికొస్తున్న అమెరికన్లలో కొందరు రోజూ దీన్ని నీళ్లలో కలుపుకుని తాగుతారు. ఇది దొరక్కపోతే మళ్లీ పాత ఊబిలోకే జారిపోతామన్నది వాళ్ల భయం. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాత్రం ఇది కూడా ఆ ఊబిలో భాగమేనని చాలా ఏళ్లుగా అంటోంది. 2025 జులై 29న ఆ సంస్థ ‘7-హైడ్రాక్సీమిట్రాగైనిన్’ అనే పదార్థాన్ని మాదకద్రవ్యాల జాబితాలో చేర్చమని సిఫార్సు చేసింది. తమ గురి సహజమైన క్రాటమ్ ఆకు మీద కాదని అదే ప్రకటనలో చెప్పింది. దాంతో ‘క్రాటమ్‌ని నిషేధించారట’ అనేవాళ్లూ, ‘క్రాటమ్‌కి అనుమతి ఇచ్చేశారట’ అనేవాళ్లూ ఒకేసారి బయల్దేరారు. ఇద్దరి మాటా తప్పే.

ఈ చిక్కుముడిలో సగం, మూడు వేర్వేరు సరుకుల్ని ఒకే పేరుతో అమ్మడం వల్ల పడింది. మిగతా సగం ‘చట్టబద్ధం’ అనే మాటకు మూడు వేర్వేరు అర్థాలు ఉండటం వల్ల.

ముందు చెట్టు సంగతి

క్రాటమ్ అనేది మిట్రాగైనా స్పీసియోసా అనే చెట్టు. కాఫీ మొక్క కుటుంబానికి చెందినది. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియాల్లోని తేమ నేలల్లో పెరుగుతుంది. మలేసియాలో స్థిరపడిన తెలుగువాళ్లకు ఇది ‘కెటుమ్’గా తెలుసు. మన అడవుల్లో కనిపించే బట్టగణప చెట్టు ఇదే ప్రజాతిది, మిట్రాగైనా పర్విఫోలియా. అలాగని రెండూ ఒకటి కావు. ఈ గొడవకంతటికీ కారణమైన మిట్రాగైనిన్ స్పీసియోసా ఆకు ప్రత్యేకత.

ఎండలో పనిచేసే కూలీలు అలసట తెలియకుండా ఈ ఆకును నమలడం థాయ్ దక్షిణ జిల్లాల్లో తరతరాల అలవాటు. నల్లమందు మానడానికి వాడటమూ కొత్తేమీ కాదు. సింగపూర్ వృక్షోద్యానానికి డైరెక్టరుగా పనిచేసిన హెన్రీ రిడ్లీ, నల్లమందు అలవాటుకు విరుగుడుగా ఈ ఆకును వాడుతున్నారని 1897లోనే రాశాడు. 1943లో థాయ్ ప్రభుత్వం క్రాటమ్‌ని నిషేధించడం వెనక ఆరోగ్యం కన్నా ఖజానా ఎక్కువగా ఉంది. అప్పట్లో నల్లమందు అమ్మకం మీద ప్రభుత్వానికి పన్ను వచ్చేది. దాని ధర పెరిగేకొద్దీ జనం పన్ను లేని ఆకు వైపు మళ్లారు. చెట్లు కొట్టేయడానికి ఆ ఒక్క కారణం సరిపోయింది.

ఆకులో నలభైకి పైగా ఆల్కలాయిడ్లు, అంటే శరీరం మీద పనిచేసే చేదు రసాయనాలు, ఉంటాయి. వాటిలో సింహభాగం మిట్రాగైనిన్‌దే. థాయ్ ఆకులో మొత్తం ఆల్కలాయిడ్లలో మూడింట రెండు వంతుల దాకా అదే. నల్లమందు కోవకు చెందిన మార్ఫిన్, హెరాయిన్, ఫెంటానిల్ (వీటిని ఓపియాయిడ్లంటారు) మెదడులో ఏ గ్రాహకాన్ని పట్టుకుంటాయో ఇదీ దాన్నే పట్టుకుంటుంది, కానీ పాక్షికంగా. కుళాయి పూర్తిగా తిప్పితే మార్ఫిన్, సగం తిప్పి ఆపితే మిట్రాగైనిన్ అనుకోవచ్చు. నల్లమందు మానేసినవాడి ఒళ్లు ఆ కుళాయి నీళ్ల కోసమే అల్లాడుతుంది: ముక్కు కారడం, కాళ్లు లాగడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం. సగం తిప్పిన కుళాయి ఆ బాధను తగ్గిస్తుంది. వ్యసన చికిత్సలో ఆమోదం పొందిన బ్యూప్రినార్ఫిన్ కూడా ఇలా సగం తిప్పే మందే. పోలిక అక్కడికే పరిమితం. బ్యూప్రినార్ఫిన్ ప్రతి మాత్రలో ఎంత ఉందో మిల్లీగ్రాముల్లో తెలుసు, క్రాటమ్ పొట్లంలో తెలియదు.

ఇక 7-హైడ్రాక్సీమిట్రాగైనిన్, వాడుకలో 7-ఓహెచ్. ఆకులో ఇది అతి స్వల్పం. మిట్రాగైనిన్ కాలేయంలోకి వెళ్లాక అందులో కొంత ఇలా మారుతుంది కూడా. 2000ల మొదట్లో గినీపిగ్ పేగు మీద జపాన్ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో దీని శక్తి మార్ఫిన్‌కు 13 రెట్లని తేలింది. అదే ప్రయోగంలో మిట్రాగైనిన్ మార్ఫిన్‌లో నాలుగో వంతు. పేగు ముక్క మీద వచ్చిన సంఖ్య మనిషికి యథాతథంగా వర్తించదు. ఏది ఎక్కువ ఘాటో తెలుసుకోవడానికి అది చాలు.

పేరొకటే, సరుకులు మూడు

మొదటిది ఎండిన ఆకు పొడి, లేదా ఆ పొడి నింపిన గొట్టం మాత్రలు (క్యాప్సూళ్లు). రెండోది ఆకును మరిగించి, ద్రావకాలతో వడగట్టి తీసిన గాఢమైన సారం. దీన్ని చిన్న సీసాల్లో పోసి ‘షాట్లు’ అని అమ్ముతారు. మూడోది 7-ఓహెచ్ మాత్రలు. ఆకులో ఉండే కొంచెం 7-ఓహెచ్‌ను పోగుచేసి వీటిని తయారుచేయడం గిట్టుబాటు కాదు. అందుకని ముందు మిట్రాగైనిన్‌ను వేరుచేసి, దాన్ని ఆక్సీకరణ చర్యతో ప్రయోగశాలలో 7-ఓహెచ్‌గా మారుస్తారు. అంటే ఇది సగం చెట్టుది, సగం ఫ్యాక్టరీది.

తేడా ఎంతో లెక్కేసి చూద్దాం. ఆకు పొడిలో మొత్తం ఆల్కలాయిడ్లు 2 శాతం అనుకుంటే, 5 గ్రాముల పొడిలో అవి 100 మిల్లీగ్రాములు. అందులో మూడింట రెండు వంతులు, సుమారు 66 మిల్లీగ్రాములు, మిట్రాగైనిన్. 7-ఓహెచ్‌కి చాలా ఉదారంగా 2 శాతం వాటా ఇచ్చినా వచ్చేది 2 మిల్లీగ్రాములు. ఇప్పుడు 300 మిల్లీగ్రాముల మిట్రాగైనిన్ ఉన్న షాట్ తీసుకుంటే, అది దాదాపు 23 గ్రాముల పొడికి సమానం, రెండు గుక్కల్లో అయిపోతుంది. 15 మిల్లీగ్రాముల 7-ఓహెచ్ మాత్ర తీసుకుంటే, అంత 7-ఓహెచ్ ఆకు నుంచి రావాలంటే ముప్ఫై ఏడున్నర గ్రాముల పొడి మింగాలి. టీ చెంచాలతో కొలిస్తే పదిహేను. వేపాకుతో పోటీపడే చేదు అది, మధ్యలోనే వాంతి అవుతుంది. ఆకుకు సహజంగా ఉన్న పెద్ద రక్షణ ఆ చేదూ ఆ వికారమే. మాత్రలో రెండూ లేవు.

మన దగ్గర దీనికి దగ్గరి పోలిక కల్లు. తాటిచెట్టు నుంచి దించిన కల్లు వేరు, తెలంగాణలో కొన్నిచోట్ల ఆల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మే కల్తీ కల్లు వేరు. బోర్డు మీద రెండూ ‘కల్లు’. మనిషిని కట్టిపడేసేది మాత్రం చెట్టు రసం కాదు, అందులోని నిద్రమాత్ర పొడి. పోలిక పూర్తిగా అతకదు: తాటిచెట్టులో ఆల్ప్రాజోలం పుట్టదు, క్రాటమ్ ఆకులో 7-ఓహెచ్ కొద్దిగానైనా ఉంటుంది. చట్టం రాసేవాళ్లకు తలనొప్పి తెచ్చిపెట్టేది ఆ కొద్దిపాటే.

‘చట్టబద్ధం’ అనే మాటకు మూడు అర్థాలు

ఒకటి, మాదకద్రవ్యాల చట్టం. అమెరికాలో మాదకద్రవ్యాలకు ఐదు షెడ్యూళ్లున్నాయి. మొదటి షెడ్యూల్లోకి వెళ్లాలంటే దుర్వినియోగానికి ఎక్కువ ఆస్కారం ఉండాలి, ఆమోదించిన వైద్య ఉపయోగం ఉండకూడదు, వైద్య పర్యవేక్షణలో వాడినా భద్రమన్న నమ్మకం ఉండకూడదు. మాదకద్రవ్యాల నిరోధక సంస్థ డీఈఏ దేన్నైనా ఇందులో చేర్చడానికి రెండు దారులున్నాయి. మామూలు దారిలో ఎనిమిది అంశాలు పరిశీలించాలి, ఆరోగ్యశాఖ శాస్త్రీయ అభిప్రాయం తీసుకోవాలి. ఆరోగ్యశాఖ వద్దంటే డీఈఏ ముందుకెళ్లడానికి వీల్లేదు. రెండోది అత్యవసర దారి. ఇందులో మూడు అంశాలు చాలు. ముప్ఫై రోజుల నోటీసిచ్చి రెండేళ్ల పాటు తాత్కాలికంగా చేర్చవచ్చు, ఇంకో ఏడాది పొడిగించవచ్చు. క్రాటమ్ ఆకు ఇప్పటిదాకా ఏ సమాఖ్య షెడ్యూల్లోనూ లేదు. ఈ అర్థంలో అది ‘చట్టబద్ధం’.

రెండు, ఆహార, ఔషధ చట్టం. షెడ్యూల్లో లేనంత మాత్రాన తినే వస్తువుగా అమ్ముకోవచ్చని కాదు. 1994 నాటి ఆహార అనుబంధాల చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 15కి ముందు అమెరికాలో అనుబంధంగా అమ్ముడవని పదార్థం ‘కొత్త దినుసు’. దాన్ని అమ్మాలంటే భద్రత ఆధారాలతో 75 రోజుల ముందు ఎఫ్‌డీఏకి తెలియజేయాలి. క్రాటమ్‌కి అలాంటి ఆధారాలు సరిపడా లేవని ఎఫ్‌డీఏ వాదన. అందుకే 2014 నుంచి రేవుల్లోనే సరుకును ఆపగల దిగుమతి హెచ్చరిక అమల్లో ఉంది. ఈ అర్థంలో అది చట్టబద్ధం కాదు. కొన్న మనిషి మీద కేసు ఉండదు, అమ్మినవాడి సరుకు మాత్రం జప్తు కావచ్చు.

ఇక్కడ ఒక వింత గమనించాలి. జనం దీన్ని కొనే అసలు కారణం సీసా మీద రాయడానికి వీల్లేదు. ‘నల్లమందు మానేటప్పటి బాధలు తగ్గిస్తుంది’ అని రాసిన మరుక్షణం అది చట్టం దృష్టిలో ‘ఆమోదం లేని కొత్త ఔషధం’. దాన్నుంచి తప్పించుకోవడానికి కొందరు ‘మనుషుల వాడకానికి కాదు’ అని ముద్రిస్తారు. అలా ముద్రించాక ఎన్ని గ్రాములు తీసుకోవాలి, వేటితో కలపకూడదు అన్నవి రాయలేరు. తప్పుడు హామీలు ఆపడానికి పెట్టిన నియమం, పనికొచ్చే హెచ్చరికలను కూడా మింగేసింది.

మూడు, రాష్ట్ర చట్టం. విస్కాన్సిన్, ఇండియానా 2014లో, అలబామా, ఆర్కన్సా, వెర్మాంట్ 2016లో నిషేధించాయి. లూసియానా 2025 ఆగస్టు 1 నుంచి ఆ జాబితాలో చేరింది. రోడ్ ఐలండ్ ఎదురు దారిలో నడిచి, నిషేధం ఎత్తేసి లైసెన్సులు ఇచ్చే చట్టం చేసుకుంది. కొన్నిచోట్ల రాష్ట్రం అనుమతించినా కౌంటీయో నగరమో నిషేధిస్తుంది. ఫ్లోరిడాలో సరసోటా కౌంటీ, కాలిఫోర్నియాలో శాన్‌డియేగో నగరం అలాంటివే.

గ్యాస్ స్టేషన్లు, చిన్న దుకాణాలు నడిపే తెలుగువాళ్లకూ, వాటిలో కౌంటర్ దగ్గర నిలబడే మన పిల్లలకూ ఈ మూడో అర్థమే ముందుగా తగులుతుంది. జార్జియాలో 2025 జనవరి 1 నుంచి 21 ఏళ్ల లోపువారికి అమ్మడమే కాదు, వాళ్ల దగ్గర ఉండటమూ నేరమే. సరుకు కౌంటర్ వెనకో తాళం వేసిన అరలోనో ఉంచాలి. సరఫరాదారు ‘యాభై రాష్ట్రాల్లో లీగల్’ అని చెబితే దాని అర్థం ‘సమాఖ్య షెడ్యూల్లో లేదు’ అని మాత్రమే. నిషేధం ఉన్న రాష్ట్రంలో అరెస్టయ్యేది కౌంటర్ దగ్గరున్న మనిషి. వీసా మీద ఉన్నవాళ్లకు కేసు తేలిపోయాక కూడా తర్వాతి దరఖాస్తులో ఆ అరెస్టు గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

2016: ఆరు వారాల్లో తిరగబడిన నిర్ణయం

2016 ఆగస్టు చివర్లో డీఈఏ అత్యవసర దారిని ఎంచుకుంది. మిట్రాగైనిన్‌ని, 7-ఓహెచ్‌ని సెప్టెంబరు 30 నుంచి మొదటి షెడ్యూల్లో పెడతామని ప్రకటించింది. అత్యవసర దారిలో ప్రజాభిప్రాయం అడగాల్సిన పని లేదు కాబట్టి అక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. వైట్‌హౌస్ పిటిషన్ మీద లక్షా నలభై వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ప్రతినిధుల సభ సభ్యులు 51 మంది, ఆగి ఆలోచించమని లేఖ రాశారు. అక్టోబరు మధ్యలో డీఈఏ తన నోటీసును వెనక్కి తీసుకుని, డిసెంబరు 1 దాకా అభిప్రాయాలు కోరింది. ఇరవై మూడు వేలకు పైగా వచ్చాయి.

ఆ తర్వాతి ఘట్టం గురించి తక్కువమందికి తెలుసు. 2017లో ఆరోగ్యశాఖ మామూలు దారిలోనే మొదటి షెడ్యూల్ సిఫార్సు పంపింది. 2018 ఆగస్టులో అదే శాఖ సహాయ కార్యదర్శి బ్రెట్ జిరోయిర్ దాన్ని ఉపసంహరించుకున్నారు. శాస్త్రీయ ఆధారం చాలదన్నది ఒక కారణం. క్రాటమ్ అందకుండా చేస్తే వాడుతున్నవాళ్లు అంతకన్నా ప్రాణాంతకమైన ఓపియాయిడ్ల వైపు వెళ్లే ప్రమాదం ఉందన్నది రెండోది. ఆ లేఖ బయటికొచ్చింది 2021లో. ఈ మధ్య కాలమంతా ఎఫ్‌డీఏ బహిరంగంగా క్రాటమ్‌ని ఓపియాయిడ్ అని హెచ్చరిస్తూనే ఉంది. ఒకే ప్రభుత్వం రెండు గొంతులతో మాట్లాడిందన్న ఆరోపణకు ఇదీ మూలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ కూడా 2021లో పరిశీలించి, అంతర్జాతీయ నియంత్రణ దిశగా పూర్తిస్థాయి సమీక్షకు తగినంత ఆధారం లేదంది. నిఘాలో మాత్రం ఉంచమంది.

మరణాల లెక్క చదవడం ఎలా?

నిషేధం కోరేవాళ్లు ముందుగా చూపించేది మరణాలు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ 2019లో ప్రకటించిన లెక్క ఇది: 2016 జులై నుంచి 2017 డిసెంబరు దాకా 27 రాష్ట్రాల్లో అధిక మోతాదు మరణాలు 27,338. వాటిలో 152 మంది శరీరంలో క్రాటమ్ కనిపించింది. ఆ 152లో 91 మందికి మరణ కారణాల్లో ఒకటిగా క్రాటమ్‌ని రాశారు. ఒంట్లో క్రాటమ్ తప్ప వేరే మత్తు పదార్థం బయటపడనివాళ్లు ఏడుగురు. వాళ్లలోనూ వేరే పదార్థం లేదని తోసిపుచ్చలేమని సీడీసీయే చెప్పింది.

ఇదే వరసలో ‘91 మంది చనిపోయారు’ అనవచ్చు, ‘మొత్తంలో అర శాతమే’ అనవచ్చు, ‘అసలు ఏడుగురే’ అనవచ్చు. మూడూ నిజాలే. వాటిని ఏరుకునే చేతిని బట్టి అర్థం మారుతుంది. 152 మందిలో మూడింట రెండు వంతుల దగ్గరగా ఫెంటానిల్ కూడా దొరికింది. కాబట్టి అసలు ప్రమాదం కలిపి వాడటంలో ఉంది.

కలిస్తే ఎందుకు ప్రమాదమో కూడా తెలుసు. చాలా మందులను విరిచే సీవైపీ2డీ6 అనే కాలేయ ఎంజైమును క్రాటమ్ గట్టిగా అడ్డుకుంటుంది, సీవైపీ3ఏ4ని కొంతవరకు. 2 గ్రాముల క్రాటమ్ టీ తాగించి చేసిన ఒక ప్రయోగంలో, దగ్గు మందు డెక్స్‌ట్రోమెథార్ఫాన్‌కు శరీరం గురైన మొత్తం 2.4 రెట్లయింది. కుంగుబాటు మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు ఇదే ఎంజైము మీద ఆధారపడతాయి. డాక్టరు సరైన మోతాదే ఇచ్చినా ఒంట్లో అది రెట్టింపులా పనిచేయవచ్చు. క్రాటమ్ వాడుతున్నామని చాలామంది డాక్టరుకు చెప్పరు కాబట్టి ఆయన మోతాదు తగ్గించే అవకాశమూ ఉండదు. కాలేయం దెబ్బతిన్న కేసులూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

సరుకు శుభ్రత ఇంకో సమస్య. 2018లో క్రాటమ్ ద్వారా పాకిన సాల్మొనెల్లా 41 రాష్ట్రాల్లో 199 మందిని పట్టింది. ఆకును ఆరుబయట ఆరబెట్టి, పొడి కొట్టి, వేడి చేయకుండా సంచుల్లో పంపితే జరిగేదదే. సీసం, నికెల్ ఆనవాళ్లు బయటపడిన నమూనాలూ ఉన్నాయి. రోజుకు పది, పదిహేను గ్రాములు ఏళ్ల తరబడి తీసుకునేవాళ్లకు ఆ లోహాలు పేరుకుంటాయి.

కోలుకుంటున్నవాళ్ల వాదన, దాని బలం, దాని లోపం

2020లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2,798 మంది వాడకందార్ల సర్వే ప్రచురించారు. 91 శాతం మంది నొప్పి కోసం వాడుతున్నామన్నారు. ఓపియాయిడ్లు మానేటప్పటి బాధల కోసం వాడినవాళ్లు 41 శాతం. ఆ 41 శాతంలో 87 శాతానికి ఉపశమనం దొరికింది, 35 శాతం ఏడాదికి పైగా ఓపియాయిడ్లకు దూరంగా ఉన్నారు.

ఈ అంకెలను చిన్నచూపు చూడలేం, అలాగని నెత్తిన పెట్టుకోనూ లేం. ఆన్‌లైన్ సర్వేకి జవాబిచ్చేది ఇప్పటికీ వాడుతూ, తృప్తిగా ఉన్నవాళ్లు. వాడి విసిగి వదిలేసినవాళ్లు, మళ్లీ హెరాయిన్‌కి పోయినవాళ్లు, చనిపోయినవాళ్లు ఫారం నింపరు. వ్యసన చికిత్సలో వాడే మెథడోన్, బ్యూప్రినార్ఫిన్‌ల విషయంలో పరిస్థితి వేరు. వాటి మీద నియంత్రిత ప్రయోగాలున్నాయి, చికిత్సలో కొనసాగినంతకాలం మరణాల ముప్పు దాదాపు సగానికి తగ్గుతుందని పదేపదే తేలింది. క్రాటమ్‌కి అలాంటి రుజువు లేదు. ఎఫ్‌డీఏ స్వయంగా చేయించిన చిన్న ప్రయోగంలో 1 నుంచి 12 గ్రాముల ఆకు పొడి ఒక్కసారి ఇచ్చి చూశారు, తీవ్రమైన హాని కనిపించలేదు. ఒక్కసారి ఇచ్చినప్పటి సంగతి అది. ఏళ్ల తరబడి రోజూ వాడితే ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మరి ఆమోదించిన మందు ఉండగా ఆకు ఎందుకు? డబ్బు, దూరం, సిగ్గు. 2022 చివరి వరకు అమెరికాలో బ్యూప్రినార్ఫిన్ రాయడానికి డాక్టర్లకు ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. పల్లె ప్రాంతాల్లో అలాంటి డాక్టరు దొరకడమే గగనం. మెథడోన్ కోసం చాలామంది రోజూ క్లినిక్ దగ్గర వరస కట్టాలి. బీమా లేనివాడికి, ఉద్యోగం పోతుందని భయపడేవాడికి, గ్యాస్ స్టేషన్‌లో పేరు అడక్కుండా దొరికే పొట్లం తేలిక.

క్రాటమ్ కూడా అలవాటవుతుంది. రోజూ పెద్ద మోతాదులో వాడి ఒక్కసారిగా మానేస్తే ముక్కు కారడం, చిరాకు, నిద్రలేమి, కాళ్లు నిలవనివ్వకపోవడం వస్తాయి. గర్భిణులు వాడితే పుట్టిన బిడ్డలో ఆ లక్షణాలు కనిపించిన కేసులున్నాయి. వాడకందార్ల జవాబు కూడా వినాలి: ‘ఫెంటానిల్ మీద ఆధారపడటం కన్నా దీని మీద ఆధారపడటం మేలు.’ తూకంగా చూస్తే ఆ మాటలో నిజం ఉంది. అయితే ఎప్పుడూ ఫెంటానిల్ ముట్టని కుర్రాడు సరదాకి మొదలుపెడితే ఆ తూకం వర్తించదు. పొట్లం అమ్మేవాడికి ఈ ఇద్దరిలో ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు.

మధ్యేమార్గం: వినియోగదారుల రక్షణ చట్టాలు

నిషేధానికీ గాలికి వదిలేయడానికీ మధ్య దారిగా 2019లో యూటా ఒక చట్టం చేసింది. అదే ఏడాది జార్జియా, అరిజోనా, నెవాడా అదే దారి పట్టాయి, తర్వాత మరికొన్ని చేరాయి. వయసు పరిమితి, కల్తీ నిషేధం, దినుసుల వివరాలతో లేబుల్, చాలాచోట్ల ప్రయోగశాల పరీక్ష ఈ చట్టాల సారాంశం. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఒకటుంది: మొత్తం ఆల్కలాయిడ్లలో 7-ఓహెచ్ 2 శాతం మించకూడదు.

చూడటానికి చక్కని గీత. కానీ అది నిష్పత్తి, పరిమాణం కాదు. 5 గ్రాముల పొడిలో 100 మిల్లీగ్రాముల ఆల్కలాయిడ్లుంటే 7-ఓహెచ్ 2 మిల్లీగ్రాములకు మించరాదు, బాగుంది. 450 మిల్లీగ్రాముల ఆల్కలాయిడ్లున్న గాఢమైన షాట్‌లో అదే 2 శాతం లెక్కన 9 మిల్లీగ్రాములు చట్టసమ్మతం. సారాన్ని ఎంత చిక్కబరిస్తే అంత పరిమితి పెరుగుతుంది. ఒక్కో మోతాదుకు ఇన్ని మిల్లీగ్రాములే అన్న రెండో గీత లేకపోతే మొదటి గీత ఆకు పొడిని మాత్రమే కాపలా కాస్తుంది, అసలు కాపలా కావాల్సిన షాట్ పక్కనుంచి వెళ్లిపోతుంది.

అమలు ఇంకో బొక్క. పరీక్ష పత్రం ప్రతి తయారీ విడతకూ వేరుగా ఉండాలి. ఒక విడతకు తీసిన పత్రాన్నే ఏడాది పొడవునా చూపిస్తే పట్టుకోవడానికి, అరలోంచి నమూనా తీసి పరీక్షించే యంత్రాంగం రాష్ట్రానికి ఉండాలి. నిధులు లేని చట్టం లేబుల్ దగ్గరే ఆగిపోతుంది.

దొరకడం ఆగిపోయిన మర్నాడు

నిషేధం గురించి మాట్లాడేటప్పుడు తెలుగువాళ్లకు కళ్ల ముందున్న ఉదాహరణ 2020 మార్చి. లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు జనం బారులు తీరారు: ఫిట్స్, వణుకు, పిచ్చి మాటలు. అలవాటు పడిన పదార్థం ఒక్కసారిగా ఆగితే శరీరం చేసే రభస అది. ఆల్ప్రాజోలం ఆగితే వచ్చే ఫిట్స్ ప్రాణం తీయగలవు, క్రాటమ్ ఆగితే వచ్చే బాధ సాధారణంగా అంత దూరం పోదు. కానీ అమెరికాలో ఆ బాధ తీర్చుకోవడానికి వీధిలో సులువుగా దొరికేది ఫెంటానిల్. 2021లో ఏడాదిలో ఒక్కసారైనా క్రాటమ్ వాడిన 12 ఏళ్లు దాటిన అమెరికన్లు 17 లక్షలని ప్రభుత్వ సర్వే అంచనా. వాళ్లలో పదో వంతు మందికి మాత్రమే ఆ అవసరం ఉందనుకున్నా లక్షా డెబ్బై వేల మంది.

నిషేధించిన రాష్ట్రాల వాదననూ సరిగా చెప్పాలి. సరుకు సులువుగా దొరికేకొద్దీ కొత్తవాళ్లు పెరుగుతారు. కోలుకుంటున్న కొద్దిమంది కోసం అందరికీ అందుబాటులో ఉంచడం కన్నా, ఆ కొద్దిమందిని రుజువైన చికిత్సకు మళ్లించడం మంచిదన్నది వాళ్ల మాట. చికిత్స నిజంగా అందుబాటులో ఉన్నచోట అది బలమైన వాదనే. నిషేధం తేదీ, చికిత్స తేదీ ఒకటైతేనే.

థాయ్‌లాండ్ 78 ఏళ్ల తర్వాత వెనక్కి తిరిగింది. 2021 ఆగస్టు 24న క్రాటమ్‌ని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసి, పన్నెండు వేల మందికి పైగా ఖైదీలకు విముక్తి కలిగించింది. 2022లో ప్రత్యేక చట్టం తెచ్చి మైనర్లకు, గర్భిణులకు అమ్మకం నిషేధించింది. పొరుగున మలేసియాలో అదే ఆకు విషాల చట్టం కింద నేరంగానే ఉంది.

7-ఓహెచ్ తెచ్చిన కొత్త చీలిక

2025 సిఫార్సు తర్వాత పాత జట్లు చెదిరిపోయాయి. ఆకు అమ్మేవాళ్లలో చాలామంది 7-ఓహెచ్ నిషేధాన్ని స్వాగతించారు, తమ సరుకుకు చెడ్డపేరు తెస్తున్నది అదేనని. ఫ్లోరిడా ఆగస్టులో అత్యవసర నిబంధనతో గాఢమైన 7-ఓహెచ్‌ని మొదటి షెడ్యూల్లో పెట్టింది. కానీ 7-ఓహెచ్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఏమంటున్నారు? ‘ఆకు మాకు చాలలేదు, ఈ మాత్ర వల్లే ఫెంటానిల్ మానాం’ అంటున్నారు. 2016లో ఆకు కోసం వినిపించిన వాదనే ఇది. ఆనాడు దాన్ని మోసినవాళ్లే ఇప్పుడు వినడానికి ఇష్టపడటం లేదు. తేడా మోతాదులో ఉందన్నది వాళ్ల సమాధానం. మార్ఫిన్‌ని మించిన ఘాటు, చేదు అడ్డు లేకపోవడం, వేగంగా పెరిగే అలవాటు చూస్తే ఆ సమాధానంలో పస ఉంది. అయినా ఆ మాత్ర మీదున్నవాళ్లకు చికిత్స దాకా దారి చూపాల్సిన బాధ్యత ఆ సమాధానంతో తీరదు.

ఆకును, దాని ఘాటును చట్టం వేరుచేయగలదా అంటే, మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఒక పద్ధతిలో చేసింది. గంజాయి అంటే పూత అనీ, పూత లేని విడి ఆకులూ గింజలూ అందులోకి రావనీ నిర్వచనం రాసుకుంది. భంగు రాష్ట్రాల పరిధిలో మిగిలింది ఆ ఒక్క వాక్యం వల్లే. అక్కడ గీత మొక్క భాగాల మధ్య పడింది. క్రాటమ్‌లో అలా కుదరదు, ఘాటు పదార్థం కూడా ఆకులోనే ఉంది, కొద్దిగా. ‘7-ఓహెచ్ మొదటి షెడ్యూల్’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ప్రతి ఆకు పొట్లమూ అందులోకి వచ్చేస్తుంది. అలబామాలో ఆకు నేరమైంది కూడా ఆకు పేరుతో కాదు, అందులోని రెండు రసాయనాల పేర్లతో. అందుకే ఇప్పుడు అసలు పోరు ఆ వాక్యం పక్కన పెట్టాల్సిన సంఖ్య మీద నడుస్తోంది: మొత్తం ఆల్కలాయిడ్లలో ఎంత శాతం, ఒక్కో మోతాదుకు ఎన్ని మిల్లీగ్రాములు, పరీక్ష ఎవరు చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి.